వాయువుల పీడనం, ఘనపరిమాణం, ఉష్ణోగ్రత: తరచుగా అడిగే ప్రశ్నలు

బాయిల్, చార్లెస్, గే-లుసాక్ నియమాలను బట్టీ పట్టడం పెద్ద కష్టం కాదు. ఏ లెక్కకు ఏది వాడాలన్న దగ్గరే తికమక మొదలవుతుంది. ఈ పాఠం చెబుతున్నప్పుడు నాకు మళ్లీ మళ్లీ ఎదురైన ప్రశ్నలు ఇవి. ఒక మాట ముందే చెప్పేస్తాను. వీటిలో సగానికి పైగా ప్రశ్నలు "ఇందులో మారకుండా ఉన్నది ఏది?" అని ఒక్కసారి అడిగి చూసుకుంటే వాటంతటవే విడిపోతాయి.

అసలు వాయువు పీడనం అంటే ఏమిటి? వాయువుకు బరువు ఉంటుందనా?

బరువు ఉంటుంది, కానీ సీసాలో బంధించిన గాలి పీడనానికి కారణం అది కాదు. వాయువులోని అణువులు క్షణం ఆగకుండా తిరుగుతూ పాత్ర గోడలను కొడుతుంటాయి. గది ఉష్ణోగ్రత దగ్గర నైట్రోజన్ అణువుల వేగం సెకనుకు సుమారు 500 మీటర్లు. ఒక్కో దెబ్బ లెక్కలోకి రానంత చిన్నది. కానీ లెక్కలేనన్ని దెబ్బలు ఒకేసారి తగులుతుంటే గోడకు అది ఎడతెరిపి లేని తోపుడు. ఒక చదరపు సెంటీమీటరు మీద ఆ తోపుడు ఎంత అన్నదే పీడనం.

సముద్రమట్టం దగ్గర గాలి పీడనం 1,01,325 పాస్కల్‌లు. దీన్నే 1 అట్మాస్ఫియర్ అంటాం. చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో బరువు పెట్టినట్టు. అరచేతి మీద అంత బరువు ఉన్నా మనకు తెలియదు, ఎందుకంటే చేతికి కింద నుంచి కూడా గాలి అంతే గట్టిగా తోస్తోంది, ఒంటి లోపలి ద్రవాలూ అదే పీడనంతో ఉన్నాయి.

మూడు నియమాలనూ రెండు ముక్కల్లో చెప్పగలరా?

వాయువు ఎంత ఉందో, అంటే మోల్స్ సంఖ్య (మోల్ అంటే అణువులను లెక్కపెట్టే ప్రమాణం), మారదు అనుకుందాం. ఉష్ణోగ్రత స్థిరంగా ఉంటే పీడనానికి ఘనపరిమాణం విలోమానుపాతంలో ఉంటుంది: బాయిల్ నియమం. పీడనం స్థిరంగా ఉంటే ఘనపరిమాణం పరమ ఉష్ణోగ్రతకు, అంటే కెల్విన్‌లో కొలిచిన ఉష్ణోగ్రతకు, అనులోమానుపాతం: చార్లెస్ నియమం. ఘనపరిమాణం స్థిరంగా ఉంటే పీడనం పరమ ఉష్ణోగ్రతకు అనులోమానుపాతం: గే-లుసాక్ నియమం.

పాత్ర గట్టి ఇనుముతో చేసినదా, లోపల ఘనపరిమాణం స్థిరం. పైన సులువుగా జారే పిస్టన్ ఉందా, పీడనం స్థిరం. చుట్టూ చల్లని నీరు ఉండి పని మెల్లగా జరుగుతోందా, ఉష్ణోగ్రత స్థిరం. లెక్కలో ఏ నియమం అని వెతికే ముందు పాత్ర ఎలాంటిదో చదవండి, నియమం దానంతటదే తెలిసిపోతుంది.

బాయిల్ నియమాన్ని ఇంట్లో చూడవచ్చా?

చూడవచ్చు. సూది లేని 20 మిల్లీలీటర్ల సిరంజి ఒకటి తీసుకోండి. పిస్టన్‌ను 20 గీత దాకా లాగి, ముందు రంధ్రాన్ని బొటనవేలితో గట్టిగా మూసేయండి. ఇప్పుడు నెట్టండి. మొదట్లో మెత్తగా లోపలికి పోతుంది, 15 దాటాక మొరాయిస్తుంది. 10 దగ్గరకు తెచ్చేసరికి లోపల పీడనం 2 అట్మాస్ఫియర్లు. బయటి గాలి 1 అట్మాస్ఫియర్ తోస్తోంది కాబట్టి మీ వంతు మిగిలిన 1 అట్మాస్ఫియర్. సిరంజి లోపలి వ్యాసం సుమారు 2 సెంటీమీటర్లు అనుకుంటే, ఆ వైశాల్యం మీద అది 3 కిలోల బరువు పెట్టినంత.

5 గీత దాకా తీసుకెళ్లండి చూద్దాం. పీడనం 4 అట్మాస్ఫియర్లు కావాలి, అంటే మీరు దాదాపు 10 కిలోల బలంతో తొయ్యాలి. చాలామందికి ఈలోపే బొటనవేలి పక్క నుంచి 'సుయ్'మని గాలి జారిపోతుంది. గాలి జారిందంటే మోల్స్ సంఖ్య మారింది, ఇక నియమం వర్తించదు. మొదటి 10 మిల్లీలీటర్లు తగ్గించడానికి 3 కిలోలు సరిపోయాయి. తర్వాతి 5 మిల్లీలీటర్లకే ఇంకో 7 కిలోలు కావాల్సి వచ్చింది. గ్రాఫు సరళరేఖ కాకుండా వంపు తిరిగిన అతిపరావలయంలా ఎందుకు వస్తుందో వేలికి తెలిసేది ఇక్కడే.

పని అయ్యాక పిస్టన్‌ను వదిలేయండి. ఎక్కడ మొదలైందో దాదాపు అక్కడికే తిరిగి వస్తుంది. గాలిలో ఉన్న ఈ స్ప్రింగు గుణాన్నే రాబర్ట్ బాయిల్ ఇంగ్లండులో కొలిచాడు. ఒక చివర మూసిన, వంపు తిరిగిన గాజు గొట్టంలో పాదరసం పోస్తూ పోతే, మూసిన వైపున్న గాలి సగానికి కుంచించుకుపోయేసరికి పాదరసం ఎత్తులో తేడా సుమారు 29 అంగుళాలు వచ్చింది. అది మామూలు గాలి పీడనం ఆపగలిగే పాదరసం ఎత్తుకు దాదాపు సమానం. అంటే పీడనం సరిగ్గా రెట్టింపు. ఆ ఫలితాలు 1662లో అచ్చయ్యాయి.

ఉష్ణోగ్రతను కెల్విన్‌లోనే ఎందుకు వేయాలి? సెల్సియస్‌లో వేస్తే ఏమవుతుంది?

నేను చదువుకునే రోజుల్లో చేసిన తప్పే చెబుతాను. 27 డిగ్రీల సెల్సియస్ దగ్గర 1 లీటరు వాయువును అదే పీడనం దగ్గర 127 డిగ్రీలకు వేడి చేస్తే ఘనపరిమాణం ఎంత అని పరీక్షలో అడిగారు. 127ను 27తో భాగించి 4.7 లీటర్లు అని రాసి ధీమాగా కూర్చున్నాను. అసలు జవాబు 1.33 లీటర్లు. 27కు 273 కలిపితే 300 కెల్విన్, 127కు కలిపితే 400 కెల్విన్. 400ను 300తో భాగించడమే.

సెల్సియస్‌లో సున్నా అనేది నీరు గడ్డకట్టే చోటు. దానికి నైట్రోజన్‌తో, హైడ్రోజన్‌తో ఏ సంబంధమూ లేదు. సున్నా డిగ్రీల దగ్గర అణువుల కదలిక ఏమీ ఆగిపోదు. "రెట్టింపు వేడి" అన్న మాటకు అర్థం రావాలంటే అసలైన సున్నా నుంచి కొలవాలి. అది మైనస్ 273.15 డిగ్రీల సెల్సియస్. లెక్క సెల్సియస్‌లో వేస్తే మైనస్ 10 డిగ్రీల దగ్గర ఘనపరిమాణం రుణసంఖ్యగా వస్తుంది! అలాంటి గాలిని ఎక్కడ పెట్టి దాచుకుంటాం?

ఒక చిన్న వెసులుబాటు ఉంది. ఉష్ణోగ్రతలో *తేడా* మాత్రమే కావాల్సిన చోట సెల్సియస్ అయినా కెల్విన్ అయినా ఒకటే. నిష్పత్తి వచ్చిందంటే మాత్రం కెల్విన్ తప్పదు.

ఆ మైనస్ 273 ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరైనా అక్కడికి వెళ్లి చూశారా?

వెళ్లి చూసింది కాదు, గీత పొడిగించి పట్టుకున్నది. సున్నా డిగ్రీల దగ్గరున్న వాయువు, పీడనం మారనప్పుడు, ఒక్కో డిగ్రీ చల్లబడే కొద్దీ తన ఘనపరిమాణంలో 273వ వంతు చొప్పున తగ్గుతుంది. ఏ వాయువుకు గ్రాఫు గీసినా, కింది వైపు గీతను పొడిగిస్తే అన్నీ అదే చోట సున్నాను తాకుతాయి. 1848లో కెల్విన్ పరమ ఉష్ణోగ్రతా మానాన్ని ప్రతిపాదించాడు.

నిజం వాయువు మాత్రం ఆ గీత చివరిదాకా ప్రయాణించదు. నైట్రోజన్ మైనస్ 196 దగ్గరే ద్రవమైపోతుంది. అన్నిటికన్నా మొండిది హీలియం, అదీ మైనస్ 269 దగ్గర లొంగిపోతుంది. 1908లో లైడెన్‌లో కామర్లింగ్ ఆన్స్ దాన్ని మొదటిసారి ద్రవంగా మార్చాడు. కాబట్టి "పరమశూన్యం దగ్గర వాయువు మాయమవుతుంది" అని రాయకండి. అక్కడికి చేరేలోపే అది వాయువుగా ఉండదు.

వేడి రెట్టింపైతే పీడనం సరిగ్గా రెట్టింపే ఎందుకు కావాలి?

ఇది అడిగిన పిల్లలంటే నాకు ముచ్చట. పరమ ఉష్ణోగ్రత రెట్టింపైతే అణువుల సగటు గతిజశక్తి రెట్టింపవుతుంది. గతిజశక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి వేగం రెట్టింపు కాదు, 1.41 రెట్లే పెరుగుతుంది. ఇప్పుడు గోడ వైపు నుంచి చూడండి. ఒక్కో దెబ్బ 1.41 రెట్లు గట్టిగా తగులుతోంది. అణువులు వేగంగా తిరుగుతున్నాయి కాబట్టి దెబ్బల సంఖ్య కూడా 1.41 రెట్లు పెరిగింది. రెండూ గుణిస్తే 2.

టైరు పీడనం లెక్క వేస్తే జవాబు తప్పు వస్తోంది. ఎందుకు?

బహుశా గేజ్ చూపిన అంకెనే నేరుగా వాడి ఉంటారు. టైరు గేజ్ చూపేది మొత్తం పీడనం కాదు, బయటి గాలి కన్నా ఎంత *ఎక్కువ* ఉందో అది. గాలి పూర్తిగా పోయిన టైరులో గేజ్ సున్నా చూపిస్తుంది, కానీ లోపల శూన్యం లేదు, బయట ఎంత పీడనం ఉందో లోపలా అంతే ఉంది.

27 డిగ్రీల దగ్గర గేజ్ 32 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు అనే కొలత) చూపింది అనుకుందాం. బండి నడిచి టైరు లోపలి గాలి 57 డిగ్రీలకు వేడెక్కింది. టైరు పెద్దగా సాగదు కాబట్టి ఘనపరిమాణం స్థిరం. బయటి గాలి పీడనం 14.7 కలిపితే అసలు పీడనం 46.7. ఉష్ణోగ్రత 300 నుంచి 330 కెల్విన్‌కు, అంటే 1.1 రెట్లు పెరిగింది. 46.7ను 1.1తో గుణిస్తే 51.4. అందులోంచి మళ్లీ 14.7 తీసేస్తే గేజ్ చూపేది సుమారు 36.7 పీఎస్‌ఐ.

14.7 కలపడం మర్చిపోతే 35.2 వస్తుంది, దగ్గరగానే ఉంది కాబట్టి తప్పని అనుమానం కూడా రాదు. సెల్సియస్‌లో వేస్తే దాదాపు 68 వస్తుంది, అది చూడగానే ఎవరికైనా టెన్షన్ పుడుతుంది. నన్నడిగితే మొదటి తప్పే ఎక్కువ ప్రమాదం. ఇక, వేడెక్కిన టైరులో గేజ్ ఇలా ఎక్కువ చూపిస్తుంది కాబట్టే టైరులో గాలి ఎంత ఉందో బండి చల్లగా ఉన్నప్పుడే చూసుకోమంటారు.

పీడనం, ఘనపరిమాణం, ఉష్ణోగ్రత మూడూ ఒకేసారి మారితే?

పీడనాన్ని ఘనపరిమాణంతో గుణించి, పరమ ఉష్ణోగ్రతతో భాగించండి. బయటికి ఏ వాయువూ పోనంతవరకు ఆ విలువ మొదట్లో ఎంతో చివర్లోనూ అంతే. మూడు నియమాలూ ఇందులోనే ఉన్నాయి.

వాతావరణ పరిశీలనకు వదిలే బెలూన్ దీనికి మంచి ఉదాహరణ. నేల మీద 1 అట్మాస్ఫియర్, 300 కెల్విన్. 30 కిలోమీటర్ల ఎత్తులో పీడనం దాదాపు 0.012 అట్మాస్ఫియర్లు, ఉష్ణోగ్రత 227 కెల్విన్ ప్రాంతం. పీడనం తగ్గడం వల్ల ఘనపరిమాణం 80 రెట్లకు పైగా పెరగాలి. చలి వల్ల అందులో ముప్పావు వంతే మిగలాలి. రెండూ కలిపితే 60 రెట్లకు పైచిలుకు. వ్యాసంలో చూస్తే దాదాపు 4 రెట్లు: నేల మీద మీటరున్నర ఉన్న బెలూన్ పైన 6 మీటర్లవుతుంది. అందుకే దాన్ని ఎగరేసేటప్పుడు పూర్తిగా ఉబ్బేలా నింపరు. చివరికి రబ్బరు సాగలేక పగిలిపోతుంది.

ఇక్కడ రబ్బరు బిగువు వల్ల లోపల కొద్దిగా ఎక్కువ పీడనం ఉంటుందన్నది వదిలేశాను. పరీక్షలోనూ వదిలేయవచ్చు.

ఆదర్శ వాయు సమీకరణంలో "ఎన్" ఎందుకు వచ్చింది?

ఆదర్శ వాయువు అంటే ఈ నియమాలను కచ్చితంగా పాటిస్తుందని మనం అనుకునే వాయువు. ఇంతవరకు వాయువు ఎంత ఉందో మారదు అనుకున్నాం. దాన్నీ లెక్కలోకి తెచ్చేదే పీవీ = ఎన్ఆర్‌టీ. పీ అంటే పీడనం, వీ అంటే ఘనపరిమాణం, టీ అంటే ఉష్ణోగ్రత, ఎన్ అంటే మోల్స్ సంఖ్య, ఆర్ అంటే వాయు స్థిరాంకం. ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం దగ్గర సమాన ఘనపరిమాణాల్లో ఏ వాయువైనా అణువుల సంఖ్య సమానం అని 1811లో అవొగాడ్రో చెప్పిన మాట ఇందులో దాగి ఉంది. పై సమీకరణంలో టీ ఎప్పుడూ కెల్విన్‌లోనే.

దీని సత్తా ఏమిటో ఒక గదిలో చూద్దాం. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు, అంటే 36 ఘనపు మీటర్లు. పీడనం 1,01,325 పాస్కల్‌లు, ఉష్ణోగ్రత 300 కెల్విన్, ఆర్ విలువ 8.314. లెక్క కడితే గాలి సుమారు 1,460 మోల్స్. మోల్ గాలి బరువు దాదాపు 29 గ్రాములు. మొత్తం 42 కిలోలు! ఖాళీ గది అంటాం కానీ, ఒక పిల్లవాడి బరువంత గాలి అందులో ఉంది.

ఆ గదిని వేడి చేస్తే పీడనం పెరుగుతుందా?

పెరగదు. గది సీలు వేసిన డబ్బా కాదు. తలుపు కింద, కిటికీ సందుల్లోంచి గాలి బయటికి పోతుంది. పీడనం, ఘనపరిమాణం రెండూ స్థిరంగా ఉండి, మోల్స్ సంఖ్య తగ్గుతుంది. మూడు నియమాల్లో ఏదీ వర్తించని సందర్భం ఇది. చిక్కంతా నియమాలు పేర్లతో గుర్తుంచుకోవడంలోనే ఉంది. సమీకరణం గుర్తుంటే చాలు.

ఆర్ విలువ ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంది. ఏది సరైనది?

అన్నీ సరైనవే, ప్రమాణాలు వేరు. పాస్కల్, ఘనపు మీటరు వాడితే 8.314. అట్మాస్ఫియర్, లీటరు వాడితే 0.0821. బార్, లీటరు వాడితే 0.0831. లీటర్లలో ఇచ్చిన ఘనపరిమాణానికి 8.314 వేసి, పీడనం పాస్కల్‌లలో వచ్చిందనుకుంటే జవాబు వెయ్యి రెట్లు తేడా కొడుతుంది. ఆ కాంబినేషన్‌లో వచ్చేది కిలోపాస్కల్.

మోలార్ ఘనపరిమాణం 22.4 లీటర్లా, 22.7 లీటర్లా?

మోలార్ ఘనపరిమాణం అంటే ఒక మోల్ వాయువు ఆక్రమించే చోటు. సున్నా డిగ్రీల సెల్సియస్, 1 అట్మాస్ఫియర్ దగ్గర 22.4. సున్నా డిగ్రీలు, 1 బార్ దగ్గర 22.7. బార్ అంటే సరిగ్గా 1,00,000 పాస్కల్‌లు, అట్మాస్ఫియర్ కన్నా కాస్త తక్కువ. అంతర్జాతీయ రసాయనశాస్త్ర సంఘం ఐయూపీఏసీ 1982లో ప్రామాణిక పీడనాన్ని బార్‌కు మార్చింది, పాత పుస్తకాలు మారలేదు. మీ ప్రశ్నలో ఏ పీడనం ఇచ్చారో అదే చూసుకోండి. గది ఉష్ణోగ్రత దగ్గర ఈ రెండూ పనికిరావు. 25 డిగ్రీలు, 1 అట్మాస్ఫియర్ దగ్గర అది దాదాపు 24.5 లీటర్లు.

హైడ్రోజన్ అంత తేలిక, ఆక్సిజన్ అంత బరువు. రెండూ ఒకే పీడనం ఎలా ఇస్తాయి?

ఒకే ఉష్ణోగ్రత దగ్గర రెండింటి అణువులకూ సగటు గతిజశక్తి ఒకటే. తేలికైనది వేగంగా పరిగెత్తి ఆ లోటు పూడ్చుకుంటుంది. 300 కెల్విన్ దగ్గర హైడ్రోజన్ అణువుల వేగం సెకనుకు దాదాపు 1,930 మీటర్లు, ఆక్సిజన్‌ది 480. హైడ్రోజన్ దెబ్బ చిన్నది, కానీ నాలుగు రెట్లు ఎక్కువ సార్లు కొడుతుంది. ఆక్సిజన్ తక్కువ సార్లు కొట్టినా ప్రతి దెబ్బా నాలుగింతలు బలమైనది.

వేడి చేస్తే వాయువు వ్యాకోచిస్తుంది అంటారు, వ్యాకోచిస్తే చల్లబడుతుందనీ అంటారు. రెండూ ఎలా నిజం?

రెండూ నిజమే, ఏది కారణం ఏది ఫలితం అన్నదే తేడా. మొదటి దానిలో బయటి నుంచి మీరు వేడి ఇస్తున్నారు, ఆ శక్తితో వాయువు పిస్టన్‌ను పైకి నెట్టుకుంటోంది. రెండో దానిలో బయటి నుంచి ఏమీ ఇవ్వలేదు. అయినా వాయువు పిస్టన్‌ను నెట్టి పని చేసింది. ఆ పనికి కావాల్సిన శక్తి ఎక్కడిది? తన అణువుల కదలికలోంచే తీసుకోవాలి. వెనక్కి జరిగిపోతున్న పిస్టన్‌ను తాకిన అణువు, వచ్చిన వేగంతో కాకుండా కాస్త నెమ్మదించి తిరిగి వస్తుంది. అణువులు నెమ్మదించడమే చల్లబడటం.

అయితే నెట్టడానికి ఎదురుగా ఏమీ లేకపోతే? వాయువును పక్కనున్న శూన్యంలోకి ఉత్తినే వదిలేస్తే పని ఏమీ జరగదు, ఆదర్శ వాయువు ఉష్ణోగ్రత మారదు. "వ్యాకోచం అంటే చల్లదనం" అని సూత్రంలా పట్టుకున్నవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

స్ప్రే డబ్బా నొక్కితే చల్లబడటాన్ని కూడా దీనికే ముడిపెడుతుంటారు. అక్కడ ఎక్కువ వంతు, డబ్బాలోని ద్రవం ఆవిరవుతూ వేడిని పీల్చుకోవడం వల్ల.

సైకిల్ పంపు ఎందుకు వేడెక్కుతుంది? రాపిడి వల్లేనా?

రాపిడి కొంచెం ఉంటుంది. అసలు కారణం పైన చెప్పినదానికి తలకిందులు. ముందుకు దూసుకొస్తున్న పిస్టన్‌ను తాకిన అణువు మరింత వేగంతో తిరిగి వెళ్తుంది. పని మెల్లగా జరిగితే ఆ వేడి లోహం గుండా బయటికి పోతుంది, బాయిల్ నియమం నిలుస్తుంది. గబగబా కొడితే వేడి బయటికి పోయే వ్యవధి ఉండదు.

ఏమాత్రం వేడి పోకుండా గాలిని సగానికి నొక్కితే 300 కెల్విన్ కాస్తా దాదాపు 396 కెల్విన్ అవుతుంది, అంటే 123 డిగ్రీల సెల్సియస్. పీడనం 2 అట్మాస్ఫియర్లు కాదు, 2.6. నిజం పంపులో అంత రాదు, కొంత వేడి కారుతూనే ఉంటుంది. డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్ అక్కర్లేకపోవడానికి కారణమూ ఇదే. గాలిని 18వ వంతు దాకా నొక్కేసరికి, అందులో పడిన డీజిల్ తనంతట తానే అంటుకునేంత వేడి పుడుతుంది.

ప్రెషర్ కుక్కర్ గే-లుసాక్ నియమానికి ఉదాహరణేనా?

చాలాచోట్ల అలాగే రాస్తారు. నేను ఒప్పుకోను. గే-లుసాక్ నియమానికి వాయువు పరిమాణం మారకూడదు. కుక్కర్‌లో నీరు ఆవిరవుతూనే ఉంటుంది, అంటే మోల్స్ సంఖ్య నిమిష నిమిషానికీ పెరుగుతోంది.

అంకెలు చూడండి. ఉత్త గాలినే మూసిపెట్టి 27 నుంచి 120 డిగ్రీలకు వేడి చేస్తే పీడనం 1 నుంచి 1.31 అట్మాస్ఫియర్లకు మాత్రమే చేరుతుంది. 120 డిగ్రీల దగ్గర నీటి బాష్పపీడనం (నీటి ఆవిరి కలిగించే పీడనం) ఒక్కటే దాదాపు 2 అట్మాస్ఫియర్లు. కుక్కర్ వెయిట్‌ను పైకి లేపేది ఆవిరి. అది నీటికీ ఆవిరికీ మధ్య సమతాస్థితి కథ, ఆదర్శ వాయు సమీకరణం కథ కాదు.

వంటగ్యాస్ సిలిండర్‌లో గ్యాస్ అయిపోతున్న కొద్దీ పీడనం తగ్గాలి కదా?

తగ్గదు, దాదాపు చివరిదాకా. లోపల ఉన్నది ఎక్కువగా ద్రవం. పైనున్న వాయువు వాడుకున్న కొద్దీ ద్రవం ఆవిరై ఆ చోటు నింపుతుంది. ద్రవం ఒక్క గరిటెడు మిగిలి ఉన్నా, అదే ఉష్ణోగ్రత దగ్గర పీడనం దాదాపు అదే. అందుకే ఎంత మిగిలిందో పీడనం చూసి చెప్పలేం, తూకం వేసే చెప్పాలి.

ఆక్సిజన్ సిలిండర్ అలా కాదు. మైనస్ 118 డిగ్రీల కన్నా వేడిగా ఉన్నప్పుడు ఆక్సిజన్‌ను ఎంత నొక్కినా ద్రవం కాదు, కాబట్టి లోపల ఉన్నదంతా వాయువే. గేజ్ సగానికి పడిపోయిందంటే సగం అయిపోయినట్టే. 10 లీటర్ల సిలిండర్‌లో 150 అట్మాస్ఫియర్ల ఆక్సిజన్ ఉంటే, బయటి పీడనం దగ్గర అది సుమారు 1,500 లీటర్లు.

మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ సీసా ఫ్రిజ్‌లో పెడితే ఎందుకు నొక్కుకుపోతుంది?

27 డిగ్రీల గాలి 4 డిగ్రీలకు చల్లబడితే లోపల పీడనం 0.92 అట్మాస్ఫియర్లకు పడిపోతుంది. తేడా చిన్నదే అనిపిస్తుంది, కానీ చదరపు సెంటీమీటరుకు 80 గ్రాముల బరువు పెట్టినట్టు. సీసా గోడ నిండా ఆ బరువు పరిస్తే పల్చటి ప్లాస్టిక్ ఎక్కడ ఆగుతుంది? లోపలికి నొక్కుకుపోయాక ఘనపరిమాణం తగ్గి, పీడనం మళ్లీ బయటి దానికి దగ్గరగా వస్తుంది. గాజు సీసా అయితే కదలకుండా ఆ తేడాను భరిస్తుంది.

విమానంలో తాగి మూత పెట్టిన సీసా దిగేసరికి నలిగిపోయి ఉండేది మాత్రం చలి వల్ల కాదు. పైన ఉన్నప్పుడు క్యాబిన్‌లో పీడనం 0.75 అట్మాస్ఫియర్ల దాకా తగ్గుతుంది. ఆ పల్చటి గాలి కింద 1 అట్మాస్ఫియర్ మధ్య చిక్కుతుంది.

నీటి లోతుకు వెళ్లినవాళ్లు పైకి వస్తూ ఊపిరి బిగపట్టకూడదు అంటారు. ఎందుకు?

సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకూ దాదాపు 1 అట్మాస్ఫియర్ పీడనం పెరుగుతుంది. 10 మీటర్ల కింద సిలిండర్ నుంచి పీల్చిన గాలి 2 అట్మాస్ఫియర్ల పీడనంతో ఊపిరితిత్తుల్లో ఉంటుంది. అక్కడ పీల్చిన 5 లీటర్లు, బిగపట్టి పైకి వస్తే 10 లీటర్లు కావాలని చూస్తాయి. ఊపిరితిత్తులు అంత సాగవు, చిరిగిపోతాయి. బాయిల్ నియమం ప్రాణం మీదకు వచ్చే చోటు ఇది. ఒడ్డున పీల్చిన గాలితోనే మునిగి లేచేవారికి ఈ బెడద లేదు. లోతుకు పోతే అది కుంచించుకుంటుంది, పైకి వస్తే మొదటి పరిమాణానికే చేరుతుంది.

వాయువుల మిశ్రమానికీ ఇవే నియమాలా?

ఇవే. మిశ్రమంలో ప్రతి వాయువూ తానొక్కతే ఉన్నట్టు పీడనం కలిగిస్తుంది, అన్నీ కూడితే మొత్తం పీడనం. ఇది డాల్టన్ పాక్షిక పీడనాల నియమం. నీటి మీద వాయువు సేకరించే లెక్కల్లో ఇది తప్పనిసరి. 25 డిగ్రీల దగ్గర జాడీలో మొత్తం పీడనం 760 మిల్లీమీటర్ల పాదరసం ఎత్తుకు సమానంగా ఉంటే అందులో సుమారు 24 నీటి ఆవిరిది. మీ హైడ్రోజన్ వాటా 736 మాత్రమే. ఆ 24 తీసేయడం మర్చిపోయి మార్కులు పోగొట్టుకున్నవాళ్లు కోకొల్లలు.

తేమ గాలి బరువుగా ఉంటుందా, తేలికగానా?

తేలికగా. ఒకే పీడనం, ఉష్ణోగ్రత దగ్గర లీటరులో ఉండే అణువుల సంఖ్య మారదు కాబట్టి, నీటి ఆవిరి వచ్చి చేరిందంటే నైట్రోజన్, ఆక్సిజన్ అణువులు అంతమేర తగ్గాయనే. పోయినవాటి సగటు మోలార్ ద్రవ్యరాశి 29, వచ్చినదాని ద్రవ్యరాశి 18. చెమట ఆరని రోజున గాలి "బరువుగా" అనిపించడం మన ఒంటి బాధ, గాలిది కాదు.

నిజం వాయువులు ఈ నియమాలను ఎంతవరకు పాటిస్తాయి?

మామూలు పీడనం, గది ఉష్ణోగ్రత దగ్గర ఆక్సిజన్, నైట్రోజన్, హైడ్రోజన్ వంటివి ఒక శాతం కన్నా తక్కువ తేడాతో పాటిస్తాయి. బాగా నొక్కినా, బాగా చల్లబరిచినా దారి తప్పుతాయి. ఆదర్శ వాయువులో అణువులకు సొంత పరిమాణం లేదు, ఒకదాన్నొకటి ఆకర్షించవు అనుకున్నాం. ఆ రెండూ అబద్ధాలు, అవి దూరదూరంగా ఉన్నంతసేపు చెల్లిపోతాయి.

1873లో వాన్ డర్ వాల్స్ ఈ రెండు దిద్దుబాట్లతో కొత్త సమీకరణం ఇచ్చాడు, 1910లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. 300 కెల్విన్ దగ్గర 1 మోల్ కార్బన్ డయాక్సైడ్‌ను 1 లీటరు పాత్రలో పెడితే ఆదర్శ సమీకరణం 24.6 అట్మాస్ఫియర్లు అంటుంది, వాన్ డర్ వాల్స్ సమీకరణం సుమారు 22.1 అంటుంది. అణువులు ఒకదాన్నొకటి లాక్కోవడం వల్ల గోడకు తగిలే దెబ్బ మెత్తబడింది.

చార్లెస్ నియమాన్ని గే-లుసాక్ ప్రచురించాడంటారు. ఎవరిది ఏది?

ముందుగా, గే-లుసాక్ ఇద్దరు మనుషులు కాదు, ఒకే ఫ్రెంచి శాస్త్రవేత్త ఇంటిపేరు. జాక్ చార్లెస్ 1787 ప్రాంతంలో ప్రయోగాలు చేశాడు కానీ అచ్చు వేయలేదు. 1802లో గే-లుసాక్ తన ఫలితాలు ప్రచురిస్తూ చార్లెస్ పేరు చెప్పాడు, అలా ఆ పేరు నిలిచింది. ఇద్దరికీ బెలూన్ల పిచ్చి ఉంది. 1783 ఆగస్టులో పారిస్‌లో చార్లెస్ ఎగరేసిన హైడ్రోజన్ బెలూన్ గొనెస్ అనే ఊరి దగ్గర దిగితే, అదేదో భూతమని భయపడి అక్కడివాళ్లు దాన్ని పొడిచి చింపేశారు. 1804లో గే-లుసాక్ బెలూన్‌లో దాదాపు 7,000 మీటర్ల ఎత్తుకు ఎక్కి గాలి నమూనాలు తెచ్చాడు. పీడనానికీ ఉష్ణోగ్రతకూ ఉన్న సంబంధాన్ని ఆయన కన్నా వందేళ్ల ముందే అమోంటన్ గమనించాడు. ఇక బాయిల్ నియమాన్ని ఫ్రాన్స్‌లో మారియట్ పేరుతో పిలుస్తారు.

273 కలపాలా, 273.15 కలపాలా?

ఇచ్చిన ఉష్ణోగ్రత 27, 100 లాంటి పూర్ణసంఖ్య అయితే 273 చాలు. 25.0 అని దశాంశంతో ఇస్తే 273.15 వేయండి. 27 డిగ్రీలు ప్రశ్నపత్రాల్లో అన్నిసార్లు ఎందుకు వస్తుందో ఇప్పటికే కనిపెట్టి ఉంటారు: కూడితే సరిగ్గా 300.